ఏడాది పుట్టినరోజు: తిథికా తేదీకా? వంద మందికి లెక్కలు, కేకు, అడుగుల అరిసెలు

#1 కూకట్‌పల్లి_నాన్న

అందరికీ నమస్కారం. పాప 2025 ఆగస్టు 27న, వినాయక చవితి రోజు పుట్టింది. ఈ ఏడాది ఆగస్టు 27 గురువారం పడింది. ఇంట్లో పెద్దవాళ్లు తిథి ప్రకారం మళ్లీ చవితి నాడే చేయాలంటున్నారు. స్నేహితులకేమో ఆదివారమైతేనే వీలు. చోటు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలు. పిలిచేది పిల్లలతో కలిపి 120 మందిని. సాయంత్రం ఏడింటికి కేకు, తర్వాత చికెన్ బిర్యానీ అనుకుంటున్నాం. పాప పట్టుకుని నిలబడుతోంది, అప్పటికి అడుగులేస్తే అరిసెల ముచ్చట కూడా అదే రోజు కలిపేద్దామని ఒక మాట. ఎక్కడెక్కడ తేడా కొడుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

#2 పంచాంగం_బాబాయ్

ముందు పాప పుట్టిన సమయం చెప్పండి. 27 అంటే చవితి అని అందరూ అనేసుకుంటారు గానీ, ఆ రోజు చవితి మధ్యాహ్నం 3:45 ప్రాంతం వరకే ఉంది. ఆ తర్వాత పుడితే పంచమి. పుట్టినరోజుకు పట్టేది పుట్టిన క్షణాన ఉన్న తిథి, ఆ రోజు పండగ కాదు.

#3 కూకట్‌పల్లి_నాన్న

సాయంత్రం 6:10.

#4 పంచాంగం_బాబాయ్

అయితే భాద్రపద శుద్ధ పంచమి. మీ గొడవ సగం తీరినట్టే. 2026లో వినాయక చవితి సెప్టెంబర్ 14 సోమవారం. చవితి నాడు పురోహితులు దొరకడం గగనం, ఒక్కొక్కరు పది ఇళ్లు తిరుగుతుంటారు. మీకు కావాల్సింది మర్నాడు, 15 మంగళవారం. ఆ రోజు పొద్దున 7:45 దాటాక పంచమి వస్తుంది. 16 సూర్యోదయానికి కూడా కాసేపు పంచమే ఉంటుంది కాబట్టి కొందరు 16 అంటారు. మీ ఇంటి పురోహితుణ్ణి ఒక్కరినే అడిగి ఆ మాటకు కట్టుబడండి. ముగ్గుర్ని అడిగితే మూడు రోజులు చెబుతారు.

తిథి తేదీకి ఇంత దూరం ఎందుకు జరిగిందని ఇంట్లో అడుగుతారు. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు. మామూలు ఏడాదిలో తిథి 10, 11 రోజులు ముందుకొస్తుంది: ఉగాది 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. కానీ 2026 మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం అనే అదనపు నెల వచ్చింది. దాని తర్వాత పడే తిథులన్నీ 18, 19 రోజులు వెనక్కి వెళ్లాయి. అందుకే మీ పాపకు తేదీ ముందు, తిథి తర్వాత. అధిక మాసంలోనే పుట్టిన పిల్లలకు మరుసటి ఏడాది నుంచి అదే పేరున్న నిజ మాసంలో చేసుకోవాలి.

విదేశాల్లో పుట్టిన పిల్లలకు అక్కడి సమయాన్ని భారత కాలమానంలోకి మార్చి తిథి చూడాలి, లేదా ఆ ఊరి పంచాంగం తీసుకోవాలి. అక్కడి గడియారం సమయం పట్టుకుని ఇక్కడి పంచాంగంలో వెతికితే ఒక తిథి తేడా వచ్చేయొచ్చు.

#5 మెనూ_మాస్టారు

ఆదివారాల సంగతి. మీ ముందున్నవాటిలో మూడు చూద్దాం: ఆగస్టు 30, సెప్టెంబర్ 13, సెప్టెంబర్ 20.

శ్రావణం సెప్టెంబర్ 11 వరకు ఉంది కాబట్టి 30న సగం మంది మాంసం ముట్టరు. 13 చవితికి ముందురోజు, ఇంట్లో ఆడవాళ్లకు ఊపిరాడదు, మార్కెట్లో పూలధరలు రెండింతలు. 20 గణపతి నిలబెట్టిన ఏడో రోజు, ఏడో రోజు నిమజ్జనాలు ఉంటాయి. సాయంత్రమైతే దారుల్లో బళ్లు కదలవు. పైగా గణపతి ఉన్న ఇళ్లలో నీచు ఉండదు. ఆ తర్వాత సెప్టెంబర్ 27 నుంచి మహాలయ పక్షాలు, పెద్దవాళ్లు ఒప్పుకోరు.

బిర్యానీ మీద మనసు చంపుకుంటే ఆగస్టు 30 బంగారంలాంటి రోజు. శ్రావణం కాబట్టి శాకాహారం పెట్టినా ఎవరూ ఏమీ అనరు, ప్లేటు ధరా తగ్గుతుంది.

#6 చంటిపిల్లల_సిస్టర్

తేదీ ఏదైనా పెట్టుకోండి, సాయంత్రం ఏడు మాత్రం వద్దండి. ఏడాది పిల్లలు ఏడున్నర, ఎనిమిది మధ్య పడుకునేవాళ్లు. పిలుపులో ఏడని వేస్తే జనం వచ్చేది ఎనిమిదిన్నరకి. అప్పటికి నిద్ర ఆగిపోయిన పిల్లని కొత్త ముఖాల మధ్య, లైట్ల కింద, కుట్టే గౌనులో నిలబెడతారు. ఆల్బంలో ప్రతి ఫొటోలోనూ ఏడుపే ఉంటుంది. కారణం దిష్టి కాదు, నిద్ర.

మధ్యాహ్నం పెట్టుకోండి. పొద్దున నిద్ర 9:30 నుంచి 11. లేచాక 11:15కి కడుపునిండా తినిపించి, 11:45కి హాల్లోకి తీసుకురండి. 12:15కి కేకు, 12:30కి వడ్డన. రెండింటికి పాప ఇంటికి వెళ్లి పడుకోవాలి, అతిథులు ఉన్నా సరే. పాపను తీసుకెళ్లే మనిషిని (అమ్మమ్మో, పిన్నో) ముందే అనుకోండి, లేకపోతే తల్లి భోజనం మానేసి వెళ్లాల్సి వస్తుంది. పిలుపులో "11:30 నుంచి" అని వదిలేయకుండా "12:15కి కేకు" అని విడిగా రాయండి.

ఈ నిద్రవేళలు మీ పాపవి ఎలా ఉంటే అలా జరపండి. వారం ముందు నుంచీ పుట్టినరోజు కోసమని నిద్ర మార్చే ప్రయత్నం చేయొద్దు, రెండూ చెడతాయి.

ఇంకొకటి. పన్నెండో నెల టీకాలు ఉంటే ముందు రెండు మూడు రోజుల్లో వేయించకండి. తట్టు టీకా ఉంటే జ్వరం వెంటనే రాదు, 7 నుంచి 12 రోజుల మధ్య వస్తుంది, అది లెక్క చూసుకోండి. చెవులు కుట్టించడం కూడా అదే రోజు పెట్టుకోకండి. మేనమామ ఒడి, ఫొటో అన్నీ బాగుంటాయి, ఆ తర్వాత రోజంతా ఏడుపు. మూడు వారాలు ముందో, ఆ తర్వాతో.

#7 కూకట్‌పల్లి_నాన్న

ఆగస్టు 30, మధ్యాహ్నం, శాకాహారం. ఇంట్లో ఒప్పుకున్నారు. తిథి పూజ 15న ఇంట్లోనే. ఆయుష్య హోమానికి ఏమేం సిద్ధం చేసుకోవాలి? ఏడో అంతస్తు ఫ్లాటు.

#8 పంచాంగం_బాబాయ్

పట్టీ పురోహితులు ఇస్తారు, వాళ్లదే ఖాయం. మామూలుగా ఉండేవి: ఆవు నెయ్యి కిలో, సమిధలు, గరిక, బియ్యం మూడు కిలోలు, తమలపాకులు 50, వక్కలు, ఎండు ఖర్జూరం, కొబ్బరికాయలు 5, అరటిపళ్లు రెండు డజన్లు, జాకెట్టు గుడ్డలు రెండు, కలశం చెంబు, నువ్వులు, బెల్లం, ఆవుపాలు. పుట్టినరోజు నాడు మార్కండేయుడినీ, సప్త చిరంజీవులనూ (అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు) తలుచుకుని, నువ్వులూ బెల్లమూ కలిపిన పాలు తీర్థంగా పుచ్చుకుంటారు. పాపకు పెదవి తడిపితే చాలు.

ఫ్లాట్లలో తేడా కొట్టేది మంత్రం దగ్గర కాదు, నేల దగ్గర. హోమగుండం నేరుగా టైల్ మీద పెడితే వేడికి టైల్ పగులుతుంది. రెండు వరసల ఇటుకలు, వాటి మీద రెండంగుళాల ఇసుక, దానిపైన గుండం. ఫాల్స్ సీలింగ్ కింద, ఏసీ పక్కన వద్దు. బాల్కనీ తలుపు దగ్గర పెట్టి, పొగ బయటకు పోయేలా ఎదురు కిటికీ తీయండి. ఫ్యాను ఆపాలి, లేకపోతే బూడిద ఇల్లంతా. పాప సంకల్పానికీ, పూర్ణాహుతికీ ఉంటే సరిపోతుంది, మధ్యలో పక్కగదిలో ఆడుకోనివ్వండి.

#9 డాలస్_పిన్ని

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక ముక్క: అపార్ట్‌మెంట్లో హోమం చేస్తే పొగ అలారం మోగి ఫైరింజన్ వస్తుంది. హోమం గుడిలో చేయించి, ఇంట్లో దీపం, అర్చన వరకే పెట్టుకోవడం మేలు. ఎక్కువ గుళ్లలో వారాంతాలకు ముందే బుక్ చేసుకోవాలి.

#10 చంటిపిల్లల_సిస్టర్

బాబాయ్ గారూ, తీర్థం మాట వచ్చింది కాబట్టి. పంచామృతంలో తేనె ఉంటుంది. ఏడాది నిండని బిడ్డకు తేనె నాలుకకు రాయడం కూడా వద్దు, బొట్యులిజం అనే జబ్బు చేసే సూక్ష్మజీవి బీజాలు అందులో ఉండొచ్చు. ఈ పాపకు సెప్టెంబర్ 15కి ఏడాది దాటుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. కానీ మామూలు ఏడాదిలో తిథి పది రోజులు ముందే వస్తుంది కదా, అప్పుడు బిడ్డకు ఇంకా పన్నెండు నెలలు నిండవు. అలాంటివాళ్లు బిడ్డ వంతు తీర్థం తేనె కలపకముందే తీసి పెట్టుకోండి.

అక్షింతలు విసరనివ్వకండి. దూరం నుంచి విసిరితే కళ్లలో పడతాయి, పాప ఏరుకుని నోట్లో పెట్టుకుంటుంది. దగ్గరికొచ్చి నెత్తిన రెండు గింజలు వేయమనండి. హారతి పళ్లెం చెయ్యి అందనంత దూరం. నెట్ గౌన్లు, నైలాన్ లంగాలు నిప్పురవ్వ తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. పూజకు నూలు లేదా పట్టు, లోపల తప్పకుండా మెత్తని నూలు బనియను. పట్టీలు వేస్తే మువ్వల్ని ఒక్కొక్కటి లాగి చూడండి. వదులుగా ఉన్న మువ్వ నేరుగా నోట్లోకే.

#11 కేకుల_కామాక్షి

కేకు లెక్క ఎవరూ అడగలేదు, నేనే చెబుతాను. 120 పిలుపులకు వంద మంది వస్తారనుకోండి. భోజనం, స్వీటు, ఐస్‌క్రీం ఉన్నచోట కేకు ముట్టేది డెబ్బై మంది. ముక్క 60, 65 గ్రాములు. అంటే నాలుగున్నర కిలోలు. దీన్ని ఒకే పెద్ద అంతస్తుల కేకుగా చేయించకండి. ముందు పెట్టేది కిలోన్నర, మిగతా మూడు కిలోలు అదే రుచిలో పలక కేకు, వంటింట్లోనే ముక్కలు కోసి ఉంచుతారు. ఎత్తు కావాలంటే కింది అంతస్తు థర్మాకోల్‌ది పెట్టమంటే పెడతారు, ఫొటోలో తేడా తెలియదు.

ఫాండెంట్ (పంచదార ముద్ద) బొమ్మల కేకు బరువులో కొంత ఆ పంచదార తొడుగుదే. మూడు కిలోలని తూచి ఇచ్చినా లోపల తినే కేకు తక్కువ. అతిథులు ఆ తొడుగు ఒలిచి ప్లేటు అంచున పెట్టేస్తారు. బొమ్మలు మాత్రం ఫాండెంట్‌వి, పూత క్రీముది చెప్పండి.

తెచ్చేటప్పుడు: కారు సీటు వెనక్కి వాలి ఉంటుంది, దాని మీద పెడితే కేకు ఒక పక్కకు జారుతుంది. కాళ్లు పెట్టుకునే చదునైన నేల మీద, కింద జారని రబ్బరు చాప, ఏసీ నిండుగా. హాల్లో కోయడానికి అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీయండి, అంతకన్నా ముందు వద్దు. పెద్దవాళ్ల కోసం గుడ్డు లేనిదే అయితే ఆర్డరు కాగితం మీద రాయించుకోండి, నోటిమాట గల్లంతవుతుంది.

#12 కూకట్‌పల్లి_నాన్న

పాప తినడానికి వేరే కేకు ఏదైనా ఉందా అక్కా? బయటి క్రీము పెట్టాలని లేదు.

#13 కేకుల_కామాక్షి

ఇడ్లీ పాత్రలో అయిపోయేది చెబుతాను తమ్ముడూ. ఓవెన్ అక్కర్లేదు.

గింజ తీసిన ఖర్జూరాలు 8, అరకప్పు వేడి పాలలో అరగంట నానబెట్టి, మెత్తగా రుబ్బాలి. బాగా మగ్గిన చక్కెరకేళీలు రెండు మెదిపి కలపాలి. పావుకప్పు పెరుగు, మూడు చెంచాల కరిగిన నెయ్యి. విడిగా రాగిపిండి అరకప్పు, గోధుమపిండి అరకప్పు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, సోడా పావు టీస్పూను కలిపి జల్లించి, తడివాటిలో వేసి, పొడి కనిపించనంతవరకే తిప్పాలి. ఎక్కువ తిప్పితే రబ్బరులా సాగుతుంది. ఆరంగుళాల గిన్నెకు నెయ్యి రాసి పోసి, ఆవిరి మీద 35 నుంచి 40 నిమిషాలు. పుల్ల గుచ్చితే శుభ్రంగా రావాలి.

చెడిపోయేది రెండుచోట్ల. మూతనుంచి నీటిచుక్కలు కారి పైన గుంటలు పడతాయి, మూతకు గుడ్డ కట్టండి. రాగిపిండి మొత్తం అదే వేస్తే కేకు పొడిపొడిగా రాలుతుంది, గోధుమపిండి అందుకే. పైన పూతకు పెరుగును గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లో ఐదారు గంటలు వేలాడదీసి, ఒక చెంచా ఖర్జూరం ముద్దతో గిలక్కొట్టండి. వేసవైనా వానైనా అది కేకు కోసే ముందే రాయాలి, గంట దాటితే నీరు వదులుతుంది.

పాపకు పాలు, పెరుగు, గోధుమ ఇప్పటికే అలవాటైతేనే ఇది. కొత్త పదార్థం ఏదైనా పుట్టినరోజు నాడే మొదలుపెట్టకండి. దద్దురు వస్తే దేనివల్లనో కూడా తెలియదు.

#14 అలంకారం_అన్న

డెకరేషన్ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఒక్క ప్రశ్న ముందు అడగండి: బుడగల్లో ఏ గ్యాసు? పైకి ఎగిరే బుడగలు చవగ్గా ఇస్తామంటే అది చాలాసార్లు హైడ్రోజన్. మంట తగిలితే భగ్గుమంటుంది. కొవ్వొత్తీ, దీపం, హారతీ ఉన్న గదిలో దానికి చోటు లేదు. హీలియం అంటుకోదు, ఖరీదెక్కువ. నా సలహా అయితే రెండూ వద్దు, పంపుతో మామూలు గాలి నింపి గోడకు కట్టించండి. పది అడుగుల తోరణానికి సుమారు వంద బుడగలు పడతాయి. ఆగస్టు చివర కాబట్టి పది శాతం ముందురోజు రాత్రికే మెత్తబడతాయి, పొద్దున బిగించమనండి.

తోరణం అడుగుభాగం నేలకు మూడడుగుల పైన ఉండాలి. పాకే పిల్లలు వచ్చి పీకుతారు. పగిలిన రబ్బరు ముక్క గొంతులో అతుక్కుంటే తీయడం చాలా కష్టం. పగిలినప్పుడల్లా ముక్కలు ఏరే పని ఒకరికి అప్పగించండి. లోపల థర్మాకోల్ పూసలు నింపి నెత్తిన పగలగొట్టే పెద్ద బుడగ అసలొద్దు, అవి నేలంతా పరుచుకుని పిల్లల ముక్కుల్లోకి పోతాయి.

స్నో స్ప్రే. దాన్ని తోసే వాయువు మండేది. కొవ్వొత్తి వెలుగుతుండగా కొడితే మంట పిల్ల జుట్టుదాకా వస్తుంది. హాలు గుమ్మం దగ్గరే ఆపేయండి, "మా కుర్రాళ్లు జాగ్రత్తగా కొడతారు" అన్నా వినొద్దు.

#15 మెనూ_మాస్టారు

శాకాహారం, మధ్యాహ్నం, వంద మంది. ఇది నా లెక్క:

బగారా అన్నానికి బియ్యం 6 కిలోలు, తెల్లన్నానికి 5, పులిహోరకు రెండున్నర. కందిపప్పు పప్పుకి రెండున్నర, సాంబారుకి 2. గుత్తివంకాయకు 9 కిలోల చిన్న వంకాయలు, మనిషికి రెండు కాయలు. ఆలూ కుర్మాకు దుంపలు 6 కిలోలు. గారెలకు మినప్పప్పు నాలుగున్నర (కిలోకి 45, 50 గారెలు). పెరుగు 10 లీటర్లు. డబుల్ కా మీఠా 6 కిలోలు. అప్పడాలు 130, ఎందుకంటే పిల్లలు అవే తింటారు. నీళ్ల సీసాలు చిన్నవి 180.

మూడు రకాల అన్నాలున్నప్పుడు ఒక్కొక్కదానికీ వంద మంది లెక్క వేస్తే సగం మిగులుతుంది. పైవి కలిపితే 13.5 కిలోలు, మనిషికి 135 గ్రాముల బియ్యం, అదే ఎక్కువ. వంటవాళ్లు "తక్కువైతే పరువు పోతుంది సార్" అని ఇరవై కిలోలు అంటారు. పరువు సంగతి మనం చూసుకుందాం, తూకం కాగితం మీద పెట్టండి.

కేటరింగ్ అయితే ప్లేట్ల లెక్క. "90 ప్లేట్లు ఖాయం, 105 వరకు వండాలి, పైన ఎన్ని లేస్తే అన్నిటికి డబ్బు" అని రాయించుకోండి. వడ్డన మొదలవకముందు మీ మనిషీ వాళ్ల మనిషీ కలిసి ప్లేట్లు లెక్కపెట్టాలి, చివర మిగిలినవి తీసేయాలి. ఆఖర్లో లెక్కపెడితే ఎప్పుడూ వాళ్ల లెక్కే నెగ్గుతుంది. ఫొటోగ్రాఫరు, డెకరేషన్ కుర్రాళ్లు, డ్రైవర్లు, వాచ్‌మన్ కలిపి పది ప్లేట్లు మనవాళ్లవే, మర్చిపోతారు.

బఫే ఒకే వరస పెడితే వంద మందికి నలభై నిమిషాలు పైనే. బల్లకు రెండు వైపులా వడ్డించేలా పెట్టండి. పెద్దవాళ్లకు కుర్చీలూ బల్లలూ వేసి ఇరవై మందికి విస్తళ్లలో వడ్డించండి, ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడటం వాళ్ల వల్ల కాదు.

ముందు పులిసేది పెరుగు, ముందు పాడయ్యేది కొబ్బరి చట్నీ. రెండూ పన్నెండింటికి హాలుకు రావాలి, అంతకన్నా ముందు వద్దు. మిగిలింది ఎవరికైనా ఇవ్వాలనుకుంటే మూడు గంటల్లోపు ఇచ్చేయండి. సాయంత్రం దాకా ఉంచి ఇస్తే అది దానం కాదు.

#16 చంటిపిల్లల_సిస్టర్

వచ్చే చంటిపిల్లల కోసం: పప్పు తాలింపులో కారం వేయకముందు రెండు గిన్నెలు తీసి పెట్టమనండి, ఇరవై చిన్న ఇడ్లీలు, మెత్తని పెరుగన్నం. పాలు పట్టుకోవడానికి, డైపర్ మార్చడానికి ఒక గది, తలుపుకు గడి, ఒక చాప, చెత్తబుట్ట. ద్రాక్షపళ్లు, వేరుశనగలు, పాప్‌కార్న్, కారబ్బూందీ పిల్లల బల్ల మీద వద్దు. నాలుగైదేళ్లలోపు వాళ్ల గొంతుకు అడ్డం పడేవి అవే.

#17 అమ్మమ్మ_వంటలు

అరిసెల దగ్గరికి ఇంకా ఎవరూ రాలేదేంటి? నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు అంటారు మా వైపు, ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుంది. పాప రెండడుగులు సొంతంగా వేశాకే చేయాలి. పట్టుకు నిలబడటానికి అరిసెలు లెక్కలోకి రావు. ముప్పయ్యో తేదీకి నడవకపోతే తొందరపడకుండా తర్వాత చేసుకోండి. బిడ్డ నడిచేవేళను మన క్యాలెండరుకు కట్టకూడదు.

కిలో పచ్చిబియ్యం ఇరవై నాలుగు గంటలు నానాలి, మధ్యలో రెండు మూడుసార్లు నీళ్లు మార్చాలి, లేదంటే వాసన వస్తుంది. వడకట్టి, గుడ్డ మీద పావుగంట ఆరబెట్టి, తడి ఉండగానే మర పట్టించండి. పిండి జల్లించి, అదిమి, తడిగుడ్డ కప్పి ఉంచండి. పిండి ఆరిపోతే ఎంత పాకం పట్టినా అరిసె గట్టే.

బెల్లం 700 నుంచి 750 గ్రాములు, గ్లాసు నీళ్లు పోసి కరిగించి వడకట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టాలి. పళ్లెంలో నీళ్లు పోసి అందులో పాకం చుక్క వేయండి. వేళ్లతో తిప్పితే మెత్తని ఉండ కట్టాలి. పళ్లేనికేసి కొడితే టక్కుమని మోగిందా, ముదిరిపోయింది. ఉండ కట్టగానే దించేసి, రెండు చెంచాల నెయ్యి, యాలకులు, నువ్వులు వేసి, పిండి కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. చలిమిడి గరిటె జారుగా ఉన్నప్పుడే ఆపాలి, చల్లారాక బిగుస్తుంది. మిగిలిన పిండి అంతా పోసేయాలని లేదు.

నూనెలో విడిపోతే పాకం లేతది, పిడికెడు పిండి కలిపి మరొకటి వేసి చూడండి. రాయిలా వస్తే ముదురు పాకం, రెండు చెంచాల వేడిపాలు చిలకరించి మళ్లీ మెదపండి. కాస్త దారికొస్తుంది, పూర్తిగా రాదు. మధ్యస్థం మంట మీద కాల్చి, తీయగానే అరిసెల చెక్కల మధ్య నొక్కండి. కిలో బియ్యానికి నలభై దాకా వస్తాయి.

నడిపించడానికి ముందురోజు చేసినవే వాడండి, నూనె పీల్చేసి ఉంటాయి. పీటల మీద కాదు, నేలమీద ఉతికిన తెల్లగుడ్డ పరిచి, పాప అడుగు ఎంతుందో అంత దూరంలో బేసి సంఖ్యలో, తొమ్మిదో పదకొండో పేర్చండి. కాళ్లు కడిగి పూర్తిగా తుడవాలి. తడికాలు, నూనె కలిస్తే జారిపోతుంది. ఇద్దరు రెండు రెక్కలు కాకుండా ఒక్కరే వెనకనుంచి చంకల కింద పట్టుకోవాలి. రెండు వైపులా లాగితే చిన్నపిల్లల మోచేతి కీలు జారే ప్రమాదం ఉంది. పంచేవి విడిగా దాచిన పళ్లెంలోవి. తొక్కినవి ఇంట్లోవాళ్లు కళ్లకద్దుకుని తింటారు, అతిథులకు వద్దు.

#18 కాగితాల_కామేశం

సందట్లో మర్చిపోయే పని ఒకటి: జనన ధ్రువపత్రంలో పాప పేరు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు పేరు ఖాళీగా ఉండే పత్రాలే ఎక్కువ. నమోదు చేయించిన రోజు నుంచి 12 నెలల్లోపు పేరు చేర్చడానికి రుసుము లేదు, దాటితే ఉంది. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు బడికీ, పాస్‌పోర్టుకీ పుట్టినతేదీ రుజువు ఆ పత్రమే. ఇంటిపేరు పూర్తిగా వేయించాలా, పొడి అక్షరమా అన్నది ఇప్పుడే తేల్చుకోండి.

తిరుమలలో పుట్టువెంట్రుకల మొక్కుంటే, ఏడాదిలోపు బిడ్డతో వెళ్లే తల్లిదండ్రులను సుపథం అనే ప్రత్యేక ప్రవేశమార్గం నుంచి దర్శనానికి పంపుతారు. జనన పత్రం, మీ ఆధార్ కార్డులు ఉండాలి. ఆగస్టు 27 దాటితే ఆ సౌకర్యం ఉండదు. కళ్యాణకట్టలో గుండు ఉచితం. మేనమామ మూడు కత్తెర్లు వేసే ఆచారం ఉంటే ఆయన్ని వెంట తీసుకెళ్లండి, తర్వాత తగువు రాకుండా.

#19 కూకట్‌పల్లి_నాన్న

పేరు ఖాళీగానే ఉంది! సోమవారమే వెళ్తాను. చదివింపులు, రిటర్న్ గిఫ్టుల గురించి కూడా ఒక మాట చెప్పేస్తే…

#20 కాగితాల_కామేశం

గుమ్మం దగ్గర కాకుండా వేదిక పక్కన ఒక బల్ల, ఒక నోటుపుస్తకం, నమ్మకమైన మనిషి, మూతకు చీలిక ఉన్న తాళం పెట్టె. పుస్తకంలో పేరు, ఊరు, 516 అయినా 1,116 అయినా మొత్తం, వస్తువైతే ఏమిటో. కవరు మీద పేరు లేకపోతే అక్కడే రాయించాలి. ఆరేళ్ల తర్వాత వాళ్లింట్లో శుభకార్యమైతే తిరగేసేది ఆ పుస్తకాన్నే. బంగారం ఇస్తే పెట్టెలోనే ఉంచి వెంటనే ఇంటికి పంపండి, పాప వేలికి ఉంగరాలు తొడిగి వదిలేస్తే సాయంత్రానికి ఒకటి తగ్గుతుంది. మీరు కొనేదైతే దుకాణంలోనే హాల్‌మార్క్‌తో ఉండే హెచ్‌యూఐడీ (అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల గుర్తింపు నంబరు) చూసుకోండి.

#21 చంటిపిల్లల_సిస్టర్

వచ్చిన బొమ్మల్లో మోగేవీ, వెలిగేవీ ముందు పక్కన పెట్టండి. బటన్ బ్యాటరీ పెట్టే అర మూత స్క్రూతో బిగించి ఉండకపోతే పాపకు ఇవ్వొద్దు. మింగితే రెండు గంటల్లోనే గొంతులో పుండు పడుతుంది. అనుమానం వస్తే వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి. మీరు పంచే గిఫ్టుల్లో కూడా అవి లేకుండా చూడండి. స్టీలు డబ్బాలు పాతకాలమని నవ్వుతారు గానీ, అందరింట్లో వాడేది అవే.

#22 అమ్మమ్మ_వంటలు

ఆడవాళ్లకు తాంబూలం సంచిలో అరటిపళ్లు చేత్తో నొక్కి చూసి వేయండి. మగ్గినవి వేస్తే జాకెట్టు గుడ్డకు మరక పడి, ఆ మరకే మీ ఫంక్షన్ గుర్తుగా మిగులుతుంది.

#23 కూకట్‌పల్లి_నాన్న

ఒక్క ప్రశ్న బాబాయ్ గారూ. పాప ముప్పయ్యో తేదీన కొవ్వొత్తి ఆర్పడం అమ్మకి ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

#24 పంచాంగం_బాబాయ్

కేకు పక్కన పొట్టి కుంది పెట్టి దీపం అమ్మ చేతే వెలిగించండి, ఎవరూ ఊదరు. కుందికీ కేకుకీ మధ్య రెండడుగులు ఉంచండి, అలంకారం_అన్న చెప్పిన స్ప్రే ఎలాగూ గుమ్మం దగ్గరే ఆగిపోయిందిగా.